ముసలి ఈగ పేగులో ఇమ్యూనిటీ ఎక్కువైతే: పీజీఆర్‌పీ-ఎస్‌సీ2 ప్రోటీన్ మీద ఒక కేస్ స్టడీ

ల్యాబ్‌లో పెంచే డ్రోసోఫిలా ఈగ 25 డిగ్రీల దగ్గర రెండు నెలలు, బాగా బతికితే మూడు నెలలు బతుకుతుంది. వారం వయసున్న ఆడ ఈగ పేగు తీసి మైక్రోస్కోప్ కింద పెడితే కణాలు ఒకే వరసలో, పెద్దవాటి మధ్య అక్కడక్కడ చిన్నవి, తీరుగా కనిపిస్తాయి. ఏడెనిమిది వారాల ఈగ పేగు అలా ఉండదు. చిన్న కణాలు గుంపులుగా పేరుకుని ఉంటాయి. పొర కొన్నిచోట్ల ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టుంటుంది. పేగులో బాక్టీరియా లేత ఈగలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా బాక్టీరియాను చంపే పెప్టైడ్‌ల (చిన్న ప్రోటీన్ ముక్కల) జన్యువులు, ఈగకు బయటి నుంచి ఏ ఇన్‌ఫెక్షనూ తగలకపోయినా, ఆన్‌లోనే ఉంటాయి.

ఏమైందని మా గ్రూపులో కొత్తగా చేరినవాళ్లను అడిగితే దాదాపు అందరూ ఒకే జవాబు చెబుతారు. వయసు మీద పడింది, ఇమ్యూనిటీ తగ్గింది, అందుకే బాక్టీరియా పెరిగింది, దాంతో పేగు పాడైంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఇమ్యూనిటీ తగ్గితే ఆ పెప్టైడ్ జన్యువులు అంతగా ఎందుకు పనిచేస్తున్నట్టు? ఈ ప్రశ్న దగ్గర ఆగినవాళ్ల చేతికి నేను ఇచ్చే పేపర్ ఒకటుంది. 2014 జనవరిలో సెల్ పత్రికలో వచ్చింది. కాలిఫోర్నియాలోని నొవాటోలో ఉన్న బక్ ఇన్‌స్టిట్యూట్‌లో హైన్రిక్ యాస్పర్ గ్రూపు చేసిన పని. రాసినవాళ్లు లిన్‌లిన్ గువో, జేసన్ కార్పాక్, సూసన్ ట్రాన్, యాస్పర్. ఈ కేసులో వాళ్లు పట్టుకున్న ప్రోటీన్ పేరు పీజీఆర్‌పీ-ఎస్‌సీ2. ముసలి పేగులో ఇమ్యూనిటీ తగ్గలేదు, దాన్ని ఆపే బ్రేకు అరిగిపోయింది అన్నది వాళ్ల నిర్ధారణ. ఆ నిర్ధారణకు ఎలా వచ్చారు, అందులో ఎంత నిలుస్తుంది అన్నది ఈగలతో పనిచేసేవాడిగా నాకు అర్థమైనంత మేరకు రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మామిడి, జామ తోటల్లో కాయకు రంధ్రం చేసి గుడ్లు పెట్టే పండు ఈగ వేరు. మనం మాట్లాడుకుంటున్నది మిగలపండిన అరటిపండు మీద మూగే ఎర్రకళ్ల చిన్న ఈగ. అది తినేది పండులో పులుస్తున్న ఈస్టును. అంటే దాని తిండిలోనే సూక్ష్మజీవులుంటాయి, వాటిని తట్టుకుంటూ బతకడమే దాని పేగు పని.

పేగులో ఎవరెవరున్నారు

ఈగ నడిపేగు పొరలో పెద్దగా కనిపించేవి ఎంటరోసైట్‌లు. తిండి అరిగించడం, పీల్చుకోవడం, బాక్టీరియాను కనిపెట్టడం అన్నీ వాటి పనే. హార్మోన్లు విడుదల చేసే కణాలు కొన్ని ఉంటాయి. వీటన్నింటి అడుగున మూలకణాలు, అంటే విభజన చెంది కొత్త కణాలను పుట్టించే స్టెమ్ సెల్స్. పెద్ద ఈగ పేగులోనూ మూలకణాలున్నాయని 2006లో నేచర్ పత్రికలో రెండు గ్రూపులు విడివిడిగా చూపించాయి. మిచెల్లీ, పెరిమన్ ఒకవైపు, ఓల్‌స్టీన్, స్ప్రాడ్లింగ్ మరోవైపు. అప్పటి నుంచి పేగు ముసలితనం గురించి మాట్లాడే పద్ధతే మారిపోయింది. పాడైన కణం చోట కొత్త కణం వస్తోందంటే, ఆ మరమ్మతు ఎంత వేగంగా జరుగుతోందన్నది కొలవచ్చు. మరమ్మతు మితిమీరడాన్నీ కొలవచ్చు. ముసలి పేగులో జరిగేది ఆ రెండోదే. మూలకణాలు ఆగకుండా విభజన చెందుతాయి, పుట్టిన కణాలు పూర్తి ఎంటరోసైట్‌లుగా ఎదగకుండా మధ్యలో ఉండిపోతాయి. దీన్ని డిస్‌ప్లేసియా అంటాం.

బాక్టీరియా సంగతి మనిషి పేగుకూ ఈగ పేగుకూ పోలికే లేదు. మనలో వందల జాతులుంటే ల్యాబ్ ఈగలో ప్రధానంగా ఎసిటోబ్యాక్టర్, లాక్టోబాసిల్లస్ కుటుంబాలకు చెందిన కొద్ది జాతులే. దాన్ని కొందరు లోటుగా చూస్తారు. నాకైతే అదే ఈ జీవిలో ఉన్న సౌకర్యం. కొద్ది జాతులు కాబట్టి అన్నింటినీ తీసేయవచ్చు, ఒక్కొక్కటిగా తిరిగి పెట్టవచ్చు.

పేగులో బాక్టీరియాను గుర్తించి కణం లోపలికి కబురు పంపే ప్రధాన సంకేత మార్గం పేరు ఐఎండీ. 1995లో బ్రూనో లెమైత్ర్, జూల్స్ హాఫ్‌మన్ తదితరులు దీని గురించి రాశారు. మరుసటి ఏడు అదే గ్రూపు టోల్ జన్యువు ఈగను ఫంగస్ నుంచి కాపాడుతుందని చూపించింది. ఆ దారిలో వచ్చిన పనికే హాఫ్‌మన్‌కు 2011లో నోబెల్ వచ్చింది. టోల్‌కు వచ్చినంత పేరు ఐఎండీకి రాలేదు గానీ పేగులో పెప్టైడ్‌ల సంగతి చూసేది ఐఎండీయే. బాక్టీరియా గోడలో పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థం ఉంటుంది. ఆ గోడ ముక్కలు ఎంటరోసైట్‌కు తగిలితే కణం పైపొరలో ఉన్న పీజీఆర్‌పీ-ఎల్‌సీ, లోపల ఉన్న పీజీఆర్‌పీ-ఎల్‌ఈ వాటిని పట్టుకుంటాయి. సంకేతం ఐఎండీ గుండా రెలిష్ అనే ప్రోటీన్‌కు చేరుతుంది. మనుషుల్లో వాపుకు మూలమైన ఎన్ఎఫ్-కప్పా-బి కుటుంబంలోదే ఈ రెలిష్. అది కేంద్రకంలోకి వెళ్లి డిప్టెరిసిన్ లాంటి పెప్టైడ్ జన్యువులను ఆన్ చేస్తుంది.

పీజీఆర్‌పీలు అంటే పెప్టిడోగ్లైకాన్‌ను గుర్తించే ప్రోటీన్లు. వీటిలో మొదటిది దొరికింది ఈగలో కాదు. 1996లో జపాన్ శాస్త్రవేత్తలు దాన్ని పట్టుపురుగు రక్తం నుంచి వేరుచేశారు. మన హిందూపురం మార్కెట్‌కు గూళ్లు వచ్చేది కూడా ఆ పట్టుపురుగు నుంచే. ఈగలో ఈ కుటుంబానికి 13 జన్యువులున్నాయి. వాటిలో కొన్ని గుర్తించి సంకేతం పంపుతాయి. ఇంకొన్ని గుర్తించి కోసేస్తాయి. ఎస్‌సీ2 రెండో రకం. అది అమిడేజ్ ఎంజైమ్. గోడ ముక్కలోని చక్కెర భాగానికీ పెప్టైడ్ భాగానికీ మధ్య ఉన్న బంధాన్ని తెంచేస్తుంది. తెగిన ముక్కను ఎల్‌సీ పట్టుకోలేదు, కాబట్టి సంకేతమే పుట్టదు. బాక్టీరియా ఉన్నా కణం అనవసరంగా కంగారు పడకుండా ఉండేది ఇలాంటి ప్రోటీన్ల వల్లే. ఎస్‌సీ ప్రోటీన్లను తగ్గిస్తే ఈగ మామూలు బాక్టీరియాకు కూడా అతిగా స్పందిస్తుందని ఈ కేసుకు చాలా ముందే, 2006లో తేలింది. అంటే గువో వాళ్లు కొత్త ప్రోటీన్‌నేమీ కనిపెట్టలేదు. ఉన్నదాన్ని వయసుతో ముడిపెట్టారు.

ఫాక్సో మీద అనుమానం

వయసు పెరిగేకొద్దీ పేగులో ఎస్‌సీ2 తగ్గిపోతోంది. ఎవరు తగ్గిస్తున్నారు? ఈ కేసులో నాకు అన్నిటికన్నా నచ్చే భాగం ఇదే. ఎందుకంటే దొరికిన పేరు ఫాక్సో.

ముసలితనం మీద పనిచేసేవాళ్లకు ఫాక్సో అంటే దాదాపు హీరో. ఇన్సులిన్ సంకేతం తగ్గినప్పుడు పనిలోకి దిగే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్, అంటే ఇతర జన్యువులను ఆన్, ఆఫ్ చేసే ప్రోటీన్ అది. ఈగ కొవ్వు కణజాలంలో ఫాక్సోను పెంచితే ఈగ ఎక్కువ కాలం బతుకుతుందని 2004లో రెండు గ్రూపులు చూపించాయి. ఒకటి అమెరికాలో మార్క్ టాటర్‌ది, ఇంకొకటి లండన్‌లో లిండా పార్ట్రిడ్జ్‌ది. అలాంటి ప్రోటీన్ ముసలి పేగులో హాని చేస్తోందంటే ఎవరైనా ముందు ప్రయోగాన్నే అనుమానిస్తారు.

అయితే తేడా స్పష్టంగానే ఉంది. ఆకలి వేసినప్పుడు ఫాక్సో ఆన్ అవుతుంది, తిండి దొరకగానే ఆగిపోతుంది. అది ఆరోగ్యం. ముసలి ఎంటరోసైట్‌లలో మాత్రం ఒత్తిడి వల్ల జేఎన్‌కే అనే ఎంజైమ్ ఎప్పుడూ పనిచేస్తూ ఉంటుంది, అది ఫాక్సోను కేంద్రకంలోనే ఉంచేస్తుంది. తిండి ఉన్నా లేకపోయినా అంతే. కార్పాక్, యాస్పర్ 2013లోనే ఇదే ఫాక్సో ముసలి పేగులో కొవ్వు అరిగించే మాగ్రో అనే ఎంజైమ్‌ను తగ్గించేస్తోందని చూపించారు. 2014 పేపర్ దాని తరువాయి భాగంలాంటిది. ఆగకుండా పనిచేస్తున్న ఫాక్సో ఎస్‌సీ2ను అణచివేస్తుంది. ఎస్‌సీ2 లేకపోవడంతో గోడ ముక్కలు తెగవు, రెలిష్ అదుపు తప్పుతుంది. దాని వెంట బాక్టీరియా సమతుల్యం పోతుంది, మూలకణాలు విపరీతంగా విభజన చెందుతాయి, పేగు పొర చెడుతుంది.

ఇక్కడ ఆగి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. చంపే పెప్టైడ్‌లు ఎక్కువైతే బాక్టీరియా తగ్గాలి కదా, పెరగడమేమిటి? దీనికి మంచి ఆధారం మరో ప్రయోగంలో ఉంది. 2008లో కొరియాలో వాన్-జే లీ గ్రూపు కాడల్ అనే జన్యువును పేగులో తగ్గించింది. కాడల్ మామూలుగా పెప్టైడ్‌ల ఉత్పత్తిని అదుపులో ఉంచుతుంది. అది తగ్గగానే పెప్టైడ్‌లు పెరిగాయి, వాటికి తట్టుకోలేని మంచి బాక్టీరియా పోయింది. తట్టుకోగల గ్లూకోనోబ్యాక్టర్ ఒకటి, అంతవరకు ఓ మూల అణిగిమణిగి ఉన్నది, ఆ ఖాళీని ఆక్రమించింది. పేగు కణాలు చనిపోవడం మొదలైంది. మందు ఎక్కువైన పేగులో మందుకు లొంగని బాక్టీరియా మిగులుతుందన్నమాట. మొత్తం బాక్టీరియా ఎంత అన్నదొక్కటే చూసి ఇమ్యూనిటీ బాగుందో లేదో చెప్పలేమనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

నయం చేయగలిగారా

కారణం కనుక్కున్నామని చెప్పాలంటే దాన్ని సరిదిద్ది చూపించాలి. ఎస్‌సీ2ను ఎంటరోసైట్‌లలోనే మళ్లీ పెంచి చూశారు. బాక్టీరియా సమతుల్యం నిలిచింది, మూలకణాల విభజన అదుపులో ఉంది, ఈగల ఆయుష్షు పెరిగింది.

చెప్పడానికి ఒక్క వాక్యం. బెంచ్ మీద దీని వెనుక ఎంత పని ఉంటుందో తెలియకపోతే ఫలితం విలువా తెలియదు. ఒక జన్యువును ఫలానా కణాల్లోనే ఆన్ చేయడానికి గాల్4-యూఏఎస్ పద్ధతి వాడతాం. 1993లో బ్రాండ్, పెరిమన్ ఈగల్లోకి తెచ్చిన పద్ధతి ఇది. ఆయుష్షు ప్రయోగాలకు దానిలోనే జీన్‌స్విచ్ అనే రకం ఎక్కువగా వాడతారు. తిండిలో ఆర్‌యూ486 మందు కలిపితేనే జన్యువు ఆన్ అవుతుంది. దీనివల్ల మందు తిన్న ఈగలు, తినని ఈగలు ఒకే తల్లుల సంతానం, ఒకే జన్యు నేపథ్యం. ఆయుష్షు విషయంలో ఇది చాలా ముఖ్యం. రెండు వేర్వేరు స్టాకుల (ల్యాబ్‌లో విడిగా పెంచుతూ వచ్చిన వంశాల) ఈగలను పోల్చితే ఏ జన్యువూ మార్చకుండానే ఆయుష్షులో పెద్ద తేడా వస్తుంది. ఈగల్లో ఆయుష్షు పెంచినట్టు చెప్పిన జన్యువులు కొన్ని ఈ కారణంగానే తర్వాత నిలబడలేదు.

జీన్‌స్విచ్‌కూ ఒక చిక్కుంది. మగ ఈగతో కలిసిన ఆడ ఈగ ఆయుష్షు తగ్గుతుంది, ఆర్‌యూ486 మందే ఆ తగ్గుదలను ఆపుతుందని 2015లో జాన్ టవర్ గ్రూపు చూపించింది. అంటే ఏ జన్యువూ ఆన్ చేయకపోయినా మందు తిన్న ఆడ ఈగ ఎక్కువ కాలం బతకవచ్చు. అందుకే ఆన్ చేసే స్విచ్ (డ్రైవర్) మాత్రమే ఉండి, ఆన్ చేయాల్సిన జన్యువు లేని ఈగలకూ అదే మందు పెట్టి చూడాలి. ఏ జీన్‌స్విచ్ పేపర్ చదివినా నా కళ్లు ముందు ఆ కంట్రోల్ కోసమే వెతుకుతాయి.

కణాల విభజన కొలవడం కాస్త తేలిక. పేగు తీసి, విభజనలో ఉన్న కణాల్లో మాత్రమే కనిపించే ఫాస్ఫో-హిస్టోన్ హెచ్3 మీద యాంటీబాడీ వేసి, మెరిసే చుక్కలు లెక్కపెట్టడమే. బాక్టీరియా లెక్క మాత్రం విసిగిస్తుంది. ఈగ ఒంటి మీది బాక్టీరియాను ముందు ఆల్కహాల్‌తో కడగాలి, లేకపోతే పేగుది ఏదో చర్మానిది ఏదో తెలియదు. తర్వాత పేగును నూరి అగార్ ప్లేట్ల మీద వేయాలి. లాక్టోబాసిల్లస్‌కు ఒక మీడియం, ఎసిటోబ్యాక్టర్‌కు ఇంకొకటి.

ఇక బాక్టీరియా అసలే లేకపోతే? గుడ్లను బ్లీచ్‌లో ముంచి పైపొర తీసేసి, స్టెరైల్ తిండి మీద పెంచితే సూక్ష్మజీవులు లేని ఈగలు వస్తాయి. వీటిలో వయసుతో వచ్చే మూలకణాల అతి విభజన బాగా తగ్గిపోతుంది. ముసలి పేగు దానంతటదే చెడదని, అందులో బాక్టీరియా పాత్ర ఉందని దీనితో నిలబడింది.

ఏది ముందు, ఏది వెనుక

పేగు పొర కారడం మొదలైందో లేదో బతికున్న ఈగలోనే తెలుసుకునే చక్కటి పరీక్ష ఉంది. కేకుల్లో వాడే నీలి రంగును తిండిలో కలుపుతారు. పొర బాగుంటే రంగు పేగులోనే ఉంటుంది. పొర దెబ్బతింటే ఈగ ఒళ్లంతా నీలమైపోతుంది. కార్టూన్‌లోని నీలి బొమ్మల పేరు మీద వీటిని స్మర్ఫ్ ఈగలంటారు. లాస్ ఏంజెలెస్‌లో డేవిడ్ వాకర్ గ్రూపు దీన్ని వాడుకలోకి తెచ్చింది. నీలమైన ఈగ ఎక్కువ రోజులు బతకదని 2012లో వాళ్లు చూపించారు. పుట్టి ఎన్ని రోజులైంది అన్నదానికంటే నీలమైందా లేదా అన్నదే చావును బాగా చెబుతుంది. అదే గ్రూపు 2015లో బాక్టీరియా మార్పు ముందు వస్తుందని, పొర దెబ్బతినడం ఆ తర్వాతేనని తేల్చింది. పొర పోయాక బాక్టీరియా మళ్లీ ఇంకో రకంగా మారుతుంది. బక్ ఇన్‌స్టిట్యూట్ కేసులో చెప్పిన వరసకు ఇది బయటి నుంచి దొరికిన సాక్ష్యం కాబట్టి నేను దీనికి ఎక్కువ విలువ ఇస్తాను.

నిలవని చోట్లు

మొత్తం ముసలితనాన్ని ఎస్‌సీ2 ఖాతాలో రాయలేం. యాస్పర్ గ్రూపే 2016లో వేరే దారి చూపించింది. ఈగ నడిపేగులో యాసిడ్ తయారుచేసే కాపర్ కణాల భాగం ఒకటుంది, మన కడుపులాంటిది. వయసుతో అక్కడ జాక్-స్టాట్ అనే మరో సంకేత మార్గం జోరు పెరిగి ఆ కణాల స్వభావమే మారిపోతుంది, యాసిడ్ తగ్గుతుంది, బాక్టీరియా పెరుగుతుంది. దాన్ని ఆపినా ఆయుష్షు పెరిగింది. బాక్టీరియా చెడడానికి రెండు దారులున్నాయంటే ఎస్‌సీ2 సరిచేసిన ఈగలో రెండోది ఇంకా తెరిచే ఉంటుంది.

ఇంతకంటే ఇబ్బంది పెట్టేది 2014లోనే సెల్‌లో వచ్చిన మరో పేపర్. యిషియాన్ జెంగ్ గ్రూపుది. అందులో కొవ్వు కణజాలంలో లామిన్-బి అనే ప్రోటీన్ వయసుతో తగ్గుతుంది. దాంతో అక్కడ ఇమ్యూనిటీ జన్యువులు అదుపు తప్పి, పీజీఆర్‌పీలు ఎక్కువగా తయారై రక్తంలో కలిసి పేగుకు చేరతాయి. అక్కడ ఐఎండీని అణచివేస్తాయి. ఫలితం? పేగులో కణాలు విపరీతంగా పెరగడమే. అంటే ఒకే ఏడాది, ఒకే పత్రిక, ఒకే ప్రోటీన్ కుటుంబం. ఒకరి లెక్కలో బ్రేకు తగ్గితే పేగు చెడింది, ఇంకొకరి లెక్కలో ఎక్కువైతే చెడింది.

ఇద్దరిలో ఒకరు తప్పనుకోవాల్సిన పని లేదని నా అభిప్రాయం. ప్రోటీన్ ఎంటరోసైట్‌లో తయారై పేగు గోడ దగ్గరే పనిచేయడం వేరు, దూరంగా ఉన్న కొవ్వు నుంచి రక్తం ద్వారా వచ్చి పడడం వేరు. సంకేతం అసలే లేకపోతే బాక్టీరియా పెరిగి హాని చేస్తుంది, మితిమీరితే సంకేతమే హాని చేస్తుంది. అందుకే ఎస్‌సీ2 ఆయుష్షు పెంచుతుందని ఎవరైనా అంటే నేను వెంటనే అడిగేది ఎక్కడ, ఎంత అనే. గువో వాళ్లు ఎంటరోసైట్‌లలో అని స్పష్టంగా రాశారు. తర్వాత ఈ పనిని ఉటంకించే చోట్ల ఆ ఒక్క మాట ఎగిరిపోతుంటుంది.

ఆడ, మగ తేడా కూడా ఉంది. ముసలితనంలో పేగు ఇంతగా చెడేది ఎక్కువగా ఆడ ఈగల్లోనే. మగవాటి పేగు చాలావరకు తీరుగానే ఉండిపోతుందని 2016లో పార్ట్రిడ్జ్ లండన్ గ్రూపు చూపించింది. పేగు ముసలితనం మీద మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఆడ ఈగ పేగుదేనని గుర్తుపెట్టుకోవాలి.

మనుషుల్లో ఈ కుటుంబానికి చెందిన ప్రోటీన్లు నాలుగున్నాయి, పీజీఎల్‌వైఆర్‌పీ1 నుంచి 4 వరకు. వాటిలో 2వది ఎస్‌సీ2 లాగే అమిడేజ్. మిగతావి బాక్టీరియాను నేరుగా చంపుతాయి. బంధుత్వం నిజమే గానీ పని ఒకటే కాదు. ఈ కేసు చదివి ఇమ్యూనిటీ బూస్టర్ కొనాలా అని అడిగే బంధువులు నాకూ ఉన్నారు. ఈగ చెప్పిందాన్ని బట్టి చూస్తే పేగులో ఇమ్యూనిటీని బూస్ట్ చేయడమే అసలు సమస్య అని చెబుతుంటాను. వాళ్లకు ఆ జవాబు అంతగా నచ్చదు.

తిరిగి చేయాలనుకుంటే

మన దగ్గర ఈగ ల్యాబులు తక్కువేమీ కాదు. హైదరాబాద్ సీసీఎంబీలో ఉన్నాయి, బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లో ఫ్లై ఫెసిలిటీయే ఉంది. ఈ కేసును తిరిగి చేయడానికి కావలసిన పద్ధతులన్నీ పాతవే, అందరికీ అందుబాటులో ఉన్నవే. తేడాలొచ్చేది జన్యువుల దగ్గర కాదు, తిండి దగ్గర. మొక్కజొన్న పిండి, చక్కెర, ఈస్టు, అగార్ ఉడికించి, బూజు పట్టకుండా ప్రొపియోనిక్ యాసిడ్, నిపాజిన్ కలుపుతాం. ఆ ప్రిజర్వేటివ్‌ల మోతాదు మారితే బాక్టీరియా కూడా మారుతుంది. ఇంకొకటి, వయల్స్ (ఈగలను పెంచే చిన్న సీసాలు) మార్చే తీరు. ఈగ పేగులో బాక్టీరియా స్థిరంగా ఉండిపోదు, తిండితో పాటు మళ్లీ మళ్లీ లోపలికి వెళ్తూ ఉంటుంది. ఈగలను తరచుగా కొత్త తిండి మీదకు మార్చితే పేగులో బాక్టీరియా తగ్గిపోతుందని 2013లో జో హాండెల్స్‌మన్ గ్రూపు చూపించింది. రెండు రోజులకోసారి మార్చే ల్యాబ్, వారానికోసారి మార్చే ల్యాబ్ ఒకే స్టాకుతో పనిచేసినా బాక్టీరియా విషయంలో ఒకే ఈగలతో పనిచేస్తున్నట్టు కాదు. మెథడ్స్‌లో ఈ వివరం చాలామంది రాయరు. మా దగ్గర తిండి రెసిపీ, వయల్స్ మార్చిన తేదీలు, ఆడ ఈగలు మగవాటితో ఎన్ని రోజులు కలిసి ఉన్నాయన్నది జన్యు నేపథ్యంతో పాటే ఒకే షీట్‌లో రాసిపెడతాం. ఆ షీట్ లేని ఆయుష్షు గ్రాఫ్‌ను గ్రూప్ మీటింగ్‌లో పెట్టనివ్వను.